2226 నుంచి 1929 దాకా: డాన్యూబ్ గట్టున సైకిల్ దారి

నది సంగతి ఎత్తితే మనం పుట్టుక దగ్గర మొదలుపెడతాం. త్ర్యంబకంలో పుట్టింది, అంతర్వేదిలో సముద్రంలో కలిసింది అంటాం. డాన్యూబ్ లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. రుమేనియాలోని సులీనా దగ్గర, ఆ నది నల్ల సముద్రంలో కలిసే చోట, సున్నా. అక్కడి నుంచి ఎగువకి కొలుచుకుంటూ వస్తే ఆస్ట్రియా రాజధాని వియన్నా 1929వ కిలోమీటరు దగ్గర, జర్మనీ సరిహద్దు పట్టణం పస్సావ్ 2226వ కిలోమీటరు దగ్గర తగులుతాయి. ఒడ్డున పాతిన పలకల మీద ఈ అంకెలు రాసి ఉంటాయి. పస్సావ్‌లో సైకిలెక్కి ప్రవాహం వెంట దిగువకి పోయేవాళ్లకి అవి ఒక్కొక్కటే తగ్గుతూ కనిపిస్తాయి. పది దేశాల మీదుగా సుమారు 2850 కిలోమీటర్లు పారే నదిలో మా వంతు ఈ మూడు వందలు.

మేం నలుగురం. గురువుగారు విశాఖ ఉక్కు కర్మాగారంలో స్టీల్ మెల్టింగ్ షాపులో పనిచేసి రిటైరయ్యారు, గాజువాకలో ఉంటారు. టీచరక్క రాజమండ్రిలో హైస్కూలు పిల్లలకి సైన్సు చెబుతారు. తమ్ముడిది కోనసీమ, ఉద్యోగం మ్యూనిక్‌లో. నేను హైదరాబాద్‌లో పత్రికలకి రాస్తుంటాను. వచ్చే సెప్టెంబరులో పస్సావ్‌లో కలుసుకుని, రోజుకి నలభై యాభై కిలోమీటర్ల చొప్పున వియన్నా దాకా తొక్కాలని అనుకున్నాం. ఏడాదిగా మా ఫోన్లలో ఇదే మాట, ఇదే పటం.

ఫ్రాన్సులో అట్లాంటిక్ తీరాన మొదలై నల్ల సముద్రం దాకా సాగే యూరోవెలో 6 అనే సైకిల్ దారి నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే. అందులో పస్సావ్–వియన్నా ముక్కకి ఉన్నంత పేరు మరో ముక్కకి లేదు. మూడు వందల కిలోమీటర్లలో నది దిగేది సుమారు 130 మీటర్లు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, అంటే వీపు మీద తోస్తుంది. దాదాపు అంతటా నదికి రెండు గట్లా దారి ఉంది. గంటసేపు తొక్కితే ఏదో ఒక ఊరు, ఊళ్లో గది, గది కింద సైకిళ్లు పెట్టుకునే కొట్టం. స్కూలు పిల్లలతో వచ్చే తల్లిదండ్రులూ, డెబ్భై దాటిన దంపతులూ ఈ దారిలో కనిపిస్తారని తమ్ముడు చెప్పాడు. మొదటిసారి దూరం పోయేవాళ్లకి ఇంతకన్నా మంచి దారి నాకు తెలిసి లేదు.

అయితే ఈ సులువు నది ఊరికే ఇచ్చింది కాదు. ఆవిరి పడవలు రాకముందు ఎగువకి పోయే సరుకు పడవల్ని గుర్రాలు లాగేవి. ఉప్పు, ధాన్యం, వైను పీపాలు వేసుకున్న పడవల వరసకి పదుల కొద్దీ గుర్రాల్ని పూన్చి, వాటి మీద మనుషులు కూర్చుని ఒడ్డు వెంట నడిపించేవాళ్లు. ఆ గుర్రాల కోసం బండలు పగలగొట్టి, చెట్లు కొట్టి చదును చేసిన ఒడ్డుదారి పేరు ట్రెప్పెల్‌వేగ్. 1829లో వియన్నాలో డాన్యూబ్ ఆవిరి నౌకల కంపెనీ ఏర్పడ్డాక గుర్రాలకి క్రమంగా పని పోయింది, దారి మిగిలింది. 1980లలో దాన్ని సైకిళ్ల కోసం తీర్చిదిద్దారు. ఇప్పుడు మనం తొక్కే చాలా భాగం ఆ గుర్రాలు నడిచిన దారే.

ఇది చదివి వినిపించగానే టీచరక్క, "మన కాలవగట్లు కూడా అంతే కదా!" అన్నారు. నిజమే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో కాలవలు చేలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికీ పనికొచ్చాయి. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవ లాగేవాళ్లు. లాకుల దగ్గర తలుపులు మూసి, నీటిమట్టం సరిచేసి, పడవని అవతలికి దాటించేవాళ్లు. ఆ గట్లు ఇవాళ్టికీ ఉన్నాయి, చాలాచోట్ల కొబ్బరిచెట్ల నీడతో సహా. ఒక బోర్డు, తాగే నీళ్లు, లారీలు రాకుండా అడ్డంగా రెండు రాళ్లు పెడితే చాలు, కోనసీమలో సైకిల్ దారి తయారైపోతుంది. డాన్యూబ్ ఒడ్డున వాళ్లకి ఉన్నదీ మనకి లేనిదీ ఆ కాస్త శ్రద్ధే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మేం కలిసి చేసిన అభ్యాసం కూడా ఆ గట్ల మీదే. సంక్రాంతికి తమ్ముడు ఊరొచ్చినప్పుడు నలుగురం ధవళేశ్వరంలో కలిశాం. క్యారియర్‌కి రెండు పక్కలా తగిలించే సంచుల్లో బియ్యం నింపాం, ఒక్కో సంచిలో ఆరేసి కిలోలు. బరువు వెనక చేరేసరికి సైకిల్ స్వభావమే మారిపోతుంది. ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. లేచి నిలబడి తొక్కబోతే బండి మొత్తం పక్కకి లాగుతుంది. సంచిని కాస్త ముందుకి తగిలిస్తే పెడల్ వెనక్కి వచ్చిన ప్రతిసారీ మడమ దానికి తగులుతుంది. గురువుగారు స్పానరు తీసుకుని అందరి సంచుల కొక్కేలూ రెండంగుళాలు వెనక్కి జరిపి బిగించారు. కుడి సంచిలో రెండు కిలోలు ఎక్కువున్నా చేయి పట్టేస్తుందని తెలిసింది గట్టు మీద గుంటలు తగిలాకే. అప్పటి నుంచీ ఎవరి సంచులు వాళ్లు చేత్తో ఎత్తి చూసుకుని, రెండూ సమం చేసుకున్నాకే బయల్దేరాం.

గురువుగారి సూత్రం ఒకటే. ఒక్కరోజు వంద కిలోమీటర్లు తొక్కడం గొప్ప కాదమ్మా, నలభై తొక్కి పడుకుని, లేచి మళ్లీ నలభై తొక్కగలగాలి అంటారు. దూరప్రయాణంలో అసలు కష్టం రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చునేటప్పుడు తెలుస్తుంది. మెత్తటి దిండు సీటు వేయించుకుంటే పోతుందనుకుంటారు కానీ, మరీ మెత్తనైతే ఎముకలు అందులో కూరుకుపోయి ఒరుసుకోవడం ఎక్కువవుతుంది. కాస్త గట్టి సీటు, లోపల మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు, కింద మరో బట్ట లేకుండా వేసుకోవడం, ఒరుసుకునే చోట వాజిలిన్. ఇవి కుదిరాక కాళ్ల సంగతి కాళ్లే చూసుకుంటాయి. హైదరాబాద్‌లో నా వంతు సాధన ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ పైకప్పు ట్రాక్ మీద. రెండు భాగాలూ కలిపి 23 కిలోమీటర్లు, పైన నీడ, పక్కన వాహనాల భయం లేదు. కాళ్లు ఆగకుండా తిప్పడం అలవాటు కావడానికి అది బాగా పనికొచ్చింది.

సైకిళ్లు ఇక్కడి నుంచి మోసుకుపోవడం లేదు. పస్సావ్‌లో అద్దెకి తీసుకుని వియన్నాలో అప్పగించేలా మాట్లాడుకున్నాం. అక్కడే ఒక ముఖ్యమైన సంగతి తెలిసింది. జర్మనీ, ఆస్ట్రియాల్లో అద్దె సైకిళ్లు కొన్నింటికి వెనక బ్రేకు పెడల్‌లోనే ఉంటుంది. వెనక్కి తొక్కితే చక్రం ఆగిపోతుంది. మనకి చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటేమిటంటే, ఆగినచోట పెడల్‌ని వెనక్కి ఒక చుట్టు తిప్పి, కాలికి అనువైన ఎత్తులో పెట్టుకుని, అప్పుడు తొక్కడం. ఆ సైకిల్ మీద అది కుదరదు. నడుస్తుండగా పొరపాటున అలా చేస్తే వెనక చక్రం బిగిసి బండి జారుతుంది. తమ్ముడు వీడియో కాల్‌లో తన సైకిల్ తలకిందులుగా నిలబెట్టి, పెడల్ ముందుకీ వెనక్కీ తిప్పి చూపించాడు. ఆ బ్రేకు లేని సైకిళ్లే కావాలని అడిగి రాయించుకున్నాం. పస్సావ్ దుకాణం మా ఎత్తులు, కాలి పొడవు కూడా అడిగి రాసుకుంది.

కుడివైపు నడపడం ఇంకో సంగతి. ఊళ్ల మధ్య గట్టుదారిలో ఇబ్బంది లేదు కానీ, ఊళ్లోకి మలుపు తిరిగేటప్పుడు మెడ మన అలవాటు ప్రకారం తప్పుడు వైపు తిరుగుతుంది. రోడ్డు దాటే ప్రతిచోటా దిగి, నిలబడి, అటూ ఇటూ చూశాకే కదలాలని నియమం పెట్టుకున్నాం. బెల్లు, చీకటి పడితే ముందూ వెనకా లైట్లు అక్కడ చట్టం ప్రకారం ఉండాల్సిందే. ద్రాక్షతోటల సీమలో మద్యం తాగి సైకిల్ తొక్కినా నేరమే.

వీసా విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. మేం దిగేది మ్యూనిక్‌లో, మొదటి రాత్రి నిద్ర జర్మనీలో. మిగతా రాత్రులన్నీ ఆస్ట్రియాలో. షెంగెన్ నిబంధన ప్రకారం ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. కాబట్టి మాది ఆస్ట్రియా వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30 వేల యూరోలకి వైద్య బీమా ఉండాలి. రుసుము 90 యూరోలు. ప్రతి రాత్రికీ గది బుక్ చేసిన కాగితం చూపించాల్సి రావడం మాకు మేలే చేసింది. ఏ ఊళ్లో ఆగాలో ముందే తేల్చుకోవాల్సి వచ్చింది. ఈ ప్రయాణం మొత్తానికీ అసలైన తయారీ అదేనని నాకు అప్పుడు అర్థమైంది. తొక్కడం ఎవరైనా తొక్కుతారు. ఇంత పొడవు చరిత్ర ఉన్న గట్టున ఎక్కడ సైకిల్ దిగాలో తెలియకపోతే నది పక్క నుంచి వెళ్లిపోతుంది, అంతే.

పస్సావ్‌లోనే ఒక రోజు ఉంటున్నాం. మూడు నదులు కలిసే ఊరది. ఉత్తరం నుంచి ఇల్ట్స్ వస్తుంది, పీటు నేలల్లోంచి రావడంతో నల్లగా. దక్షిణం నుంచి ఇన్ వస్తుంది, ఆల్ప్స్ మంచు కరిగిన నీళ్లతో పాలు కలిపిన ఆకుపచ్చగా. మధ్యలో డాన్యూబ్. ఓబర్‌హౌస్ కోట మీద నుంచి చూస్తే కలిసిన తర్వాత కూడా చాలా దూరం మూడు రంగులూ విడివిడిగా సాగుతాయట. సగటున చూస్తే ఇన్‌లోనే డాన్యూబ్ కన్నా నీళ్లు ఎక్కువ. అయినా దాని పేరు అక్కడితో ఆగిపోయింది. ఊళ్లో సెయింట్ స్టీఫెన్ చర్చిలో దాదాపు 18 వేల గొట్టాల ఆర్గాన్ ఉంది.

టీచరక్క మాత్రం ముందు చూడాలన్నది పాత టౌన్‌హాలు గోడని. వందల ఏళ్ల వరదల మట్టాలు ఆ గోడ మీద గీతలు గీసి, ఏడాదితో సహా రాసి ఉన్నాయి. 2013 జూన్‌లో డాన్యూబ్ అక్కడ 12.89 మీటర్లకి లేచింది. 1501 తర్వాత అంత వరద లేదు. పాత పట్టణంలో వీధులకి వీధులు మునిగాయి, నీరు తీశాక బురద ఎత్తిపోయడానికి యూనివర్సిటీ విద్యార్థులు పారలు పట్టుకుని వచ్చారు. 1986 ఆగస్టు వరద నాటికి అక్క చిన్నపిల్ల. ఆ ఏడు భద్రాచలంలో గోదావరి 75 అడుగులు దాటింది. ఏటిగట్టు మీద జనం వంటపాత్రలతో కూర్చుని ఉండటం తనకి ఇంకా గుర్తుందంటారు. గోదారి ఒడ్డువాళ్లకి నీళ్ల గుర్తులు కనిపిస్తే ముందు తమ నడుమెత్తుతో, తర్వాత ఇంటి గుమ్మంతో పోల్చి చూసుకుంటారు. అక్క ఆ గోడ దగ్గర చేసేది కూడా అదే.

నెల ఎంపిక కూడా ఈ వరదలతో ముడిపడిందే. మే, జూన్ నెలల్లో ఆల్ప్స్ మంచు కరుగుతుంది, వానలు తోడైతే గట్టుదారి మునుగుతుంది. జూలై, ఆగస్టుల్లో రద్దీ, గదులు దొరకవు. సెప్టెంబరులో ఎండ మెత్తబడుతుంది, ద్రాక్ష కోతలు మొదలవుతాయి, సైకిళ్లు దాటించే పడవలు ఇంకా నడుస్తుంటాయి. అలాగని పూర్తి భరోసా లేదు. 2024 సెప్టెంబరు నడుమ కురిసిన కుంభవృష్టికి దిగువ ఆస్ట్రియా రాష్ట్రం మొత్తాన్ని విపత్తు ప్రాంతంగా ప్రకటించారు. అందుకని రద్దు చేసుకోగలిగే గదులే తీసుకున్నాం, నది పక్కనే సాగే రైలు మార్గం వేళలు కూడా దగ్గర పెట్టుకున్నాం. సైకిల్‌కి విడిగా టికెట్టు కొనాలి, దూరప్రయాణపు రైళ్లలో దానికి ముందే చోటు రిజర్వు చేయించాలి.

తిండి దగ్గర టీచరక్కది శాకాహారం. ఆస్ట్రియా ఊళ్లలో పంది మాంసం లేని వంట తక్కువనుకున్నాం కానీ, చీజ్ కలిపిన ష్పెట్స్లె, గుమ్మడికాయ సూపు, రొట్టె ముద్దలు పుట్టగొడుగుల పులుసుతో, అట్టుని ముక్కలు చేసి పండ్ల గుజ్జుతో ఇచ్చే కైజర్‌ష్మారెన్, ఇవన్నీ దొరుకుతాయి. చూసుకోవాల్సింది ఆదివారం. ఆ రోజు కిరాణా దుకాణాలు మూసేస్తారు. శనివారం సాయంత్రానికే రొట్టె, పండ్లు సంచిలో పడాలి. ఇంటి నుంచి కందిపొడి, గోంగూర పచ్చడి, అటుకులు పట్టుకెళ్తున్నాం. పచ్చడి సీసా కాకుండా మూత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, ఆ డబ్బా మళ్లీ రెండు కవర్లలో. సైకిల్ సంచిలో నూనె కారితే ప్రయాణం పొడుగునా బట్టలు ఆ వాసనే వేస్తాయి.

పస్సావ్ దాటిన రోజునే ష్లోగెన్ వంపు వస్తుంది. గట్టి రాతికొండ అడ్డుపడితే డాన్యూబ్ వచ్చిన దిక్కుకే పూర్తిగా తిరిగి, మళ్లీ వంగి దారి పట్టిన చోటు. ఉత్తరపు గట్టున కొండ నేరుగా నీళ్లలోకి దిగుతుంది కాబట్టి కొంతమేర దారే లేదు. సైకిళ్లని పడవ ఎక్కించాలి. అరగంట కొండెక్కితే వంపు మొత్తం కనిపించే చోటుంది. అది ఎక్కి తీరతాం.

లింట్స్ ఊరు పేరు చెబితే గురువుగారి కళ్లు వెలుగుతాయి. కరిగిన ఇనుము మీదకి పై నుంచి నీళ్లతో చల్లబడే గొట్టం దించి, స్వచ్ఛమైన ఆక్సిజన్ ఊది ఉక్కు చేసే పద్ధతి పెద్ద ఎత్తున మొదలైంది 1952లో ఆ ఊళ్లోనే, మరుసటి ఏడు డోనావిట్స్‌లో. ఆ రెండు ఊళ్ల మొదటి అక్షరాలే ఎల్.డి. విశాఖ ప్లాంటులో ఉక్కు తయారయ్యేది ఎల్.డి. కన్వర్టర్లలోనే. పాత ఓపెన్ హార్త్ కొలిమిలో గంటల తరబడి పట్టే పని ఇందులో ముప్పావు గంటలో అయిపోతుంది. గురువుగారు ఉద్యోగమంతా ఆ కన్వర్టర్ ఎదుటే గడిపారు. ఆక్సిజన్ ఊదుతున్నప్పుడు మూతి దగ్గర లేచే మంట రంగు చూసి లోపల కార్బన్ ఎంత మిగిలిందో చెప్పేవాళ్లుండేవారని, కంప్యూటర్లు వచ్చాక కూడా ఆపరేటర్లు ఒకసారి మంట వైపు చూడకుండా ఉండేవాళ్లు కాదని చెబుతారు. "చేసిన పని ఎక్కడ పుట్టిందో ఆ నేల మీద ఒక్కసారి నిలబడాలని ఉందమ్మా" అన్నారు. లింట్స్‌లో ఆ కంపెనీ నడిపే ఉక్కు ప్రదర్శనశాలకి ఒక పూట కేటాయించాం. మొట్టమొదటి ఎల్.డి. పాత్ర వియన్నాలోని సాంకేతిక మ్యూజియంలో ఉంది. మా ప్రయాణం ఆఖరి రోజు దానికే.

టీచరక్కకి లింట్స్ అంటే కెప్లర్. 1612 నుంచి 1626 దాకా ఆయన అక్కడే పాఠాలు చెప్పాడు. గ్రహాల మూడో సూత్రం ఉన్న పుస్తకం 1619లో అక్కడే వెలువడింది. అంతకన్నా పిల్లలకి నచ్చే కథ ఇంకోటుంది. 1613లో తన రెండో పెళ్లికి కెప్లర్ వైను పీపాలు కొన్నాడు. అమ్మేవాడు పీపా కన్నంలోంచి ఒక బద్ద ఏటవాలుగా దూర్చి, తడిసిన పొడవు చూసి ఇంత ధర అన్నాడు. ఎత్తుగా సన్నగా ఉన్న పీపాకీ, పొట్టిగా లావుగా ఉన్న పీపాకీ అదే బద్దా? ఈ అనుమానం తీర్చుకోవడానికి ఆయన పీపాల ఘనపరిమాణం మీద ఒక పుస్తకమే రాశాడు, 1615లో అచ్చయింది. కలన గణితానికి దారి చూపిన పుస్తకాల్లో అదొకటి. ఆ పీపాలు వచ్చిందీ ఈ డాన్యూబ్ మీదనే.

లింట్స్ ఉక్కు కథకి మరో ముఖం ఉంది, దాన్ని తప్పించుకుపోవడం మాకు ఇష్టం లేదు. ఆ కర్మాగారానికి 1938లో పునాది వేసింది నాజీలు. యుద్ధకాలంలో అక్కడ బలవంతపు చాకిరీ చేసినవాళ్లలో మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరం ఖైదీలున్నారు. లింట్స్ దాటి కొంత దూరం తొక్కితే నది పక్కనే ఆ ఊరు, కొండ మీద శిబిరం. ఒకప్పుడు వియన్నా వీధులకి రాళ్లు పంపిన గ్రానైట్ క్వారీ కోసమే ఆ చోటు ఎంచుకున్నారు. క్వారీ నుంచి పైకి 186 మెట్లు. బండరాళ్లు వీపున మోస్తూ ఖైదీలు ఆ మెట్లెక్కేవాళ్లు. మౌట్‌హౌజెన్‌కీ దాని ఉపశిబిరాలకీ తెచ్చిన సుమారు లక్షా తొంభై వేల మందిలో కనీసం తొంభై వేల మంది చనిపోయారు. 1945 మే 5న అమెరికా సేనలు శిబిరాన్ని విడిపించాయి.

సెలవు ప్రయాణంలో ఇది ఎందుకని మాలో ఒకరు అడగకపోలేదు. టీచరక్క సమాధానం చెప్పలేదు, ఆ రోజు తొక్కే దూరాన్ని సగానికి తగ్గించి పట్టికలో రాసేశారు. శిబిరం చూశాక పరుగు పరుగున మరో ఊరికి పోవడం ఉండకూడదని ఆమె ఉద్దేశం. సైకిళ్లు కింద ఊళ్లో వదిలి కొండ నడిచే ఎక్కుతాం.

తర్వాతి ఊళ్లు చకచకా వస్తాయి. గ్రైన్‌లో 1791 నాటి చిన్న నాటకశాల చెక్కుచెదరకుండా ఉంది. ఒకప్పుడు పడవవాళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని దాటిన సుడిగుండాలు ఆ పక్కనే. ఇప్పుడు రాళ్లు పేల్చేశారు, ఈబ్స్ దగ్గర 1959లో కట్టిన జలవిద్యుత్ కేంద్రం వెనక నీరు కదలకుండా నిలబడింది. దారి పొడుగునా ఇలాంటి కేంద్రాలు వరసగా వస్తాయి, వాటి మీద నుంచే సైకిళ్లు ఒక గట్టు నుంచి మరో గట్టుకి దాటుతాయి. వియన్నా దగ్గరపడ్డాక జ్వెంటెన్‌డోర్ఫ్‌లో పూర్తిగా కట్టి ఒక్క రోజూ నడపని అణు విద్యుత్ కేంద్రం కనిపిస్తుంది. 1978 నవంబరు ప్రజాభిప్రాయ సేకరణలో సగానికి కొంచెం పైన మంది వద్దన్నారు, అంతే, ఆగిపోయింది. ఇక వియన్నాలో వరద నీటి కోసం నదికి సమాంతరంగా తవ్విన కాలవ, ఆ మట్టితో ఏర్పడిన 21 కిలోమీటర్ల లంక. ఆ లంక మీదుగానే ఊళ్లోకి చేరతాం.

ఇక మేం ఎక్కువసేపు వాదించుకున్నది వియన్నాకి ముందే వచ్చే వాఖావ్ గురించి. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా సుమారు 36 కిలోమీటర్ల లోయ అది. మెల్క్‌లో కొండ మీద పసుపు రంగు బెనెడిక్టైన్ మఠం. 1089 నుంచి సన్యాసులున్న చోటు. ఇప్పుడున్న కట్టడం 1702లో మొదలైంది. అక్కడి నుంచి దిగువకి రెండు పక్కలా కొండలు, కొండల మీద సున్నం లేకుండా పేర్చిన రాతిగోడల మెట్లు, మెట్ల మీద ద్రాక్ష. నది పక్క చదును నేలల్లో ఆప్రికాట్ తోటలు. 2000లో యునెస్కో ఈ లోయని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆప్రికాట్ కాయలు జూలైలోనే అయిపోతాయి, మేం వెళ్లేసరికి జామ్ సీసాలే మిగులుతాయి. ఖుబానీ కా మీఠా ఊళ్లో పెరిగిన నాకు ఆ లోటు కాస్త పెద్దదే.

వాఖావ్‌లో డాన్యూబ్ ఇంకా పారుతుంది. 1970లలో ఇక్కడా విద్యుత్ కేంద్రం కడతామన్నారు. ఊళ్లవాళ్లు సంఘం కట్టి ఎదురు తిరిగారు, ప్రతిపాదన వెనక్కి పోయింది. వియన్నాకి తూర్పున హైన్‌బుర్గ్ దగ్గర 1984 డిసెంబరులో వేలమంది చలిలో అడవిలో గుడారాలు వేసుకుని ఆనకట్ట పనులు ఆపించారు. 1996లో ఆ ముంపు అడవులు జాతీయ వనమయ్యాయి. ఆస్ట్రియాలో డాన్యూబ్ ఆనకట్ట నీళ్లుగా మారకుండా మిగిలిన పెద్ద భాగాలు ఈ రెండే.

స్పిట్జ్ దగ్గర పంటుని చూస్తే ఆ గెలుపు విలువ తెలుస్తుంది. కోటిపల్లి రేవులో పంటుకి ఇంజను మోత ఉంటుంది. దీనికి ఇంజనే లేదు. నదికి అడ్డంగా ఎత్తున ఒక ఇనుప తాడు కట్టి ఉంది. దాని మీద దొర్లే కప్పీలకి పంటు వేలాడుతుంది. సరంగు చుక్కానితో పంటుని ప్రవాహానికి ఏటవాలుగా తిప్పుతాడు. నీళ్లు పక్కకి తోస్తాయి, పంటు కార్లతో సహా అవతలి గట్టుకి జరుగుతుంది. వెనక్కి రావాలంటే రెండో వైపుకి వాలుస్తాడు. నీరు నిలబడిపోతే ఇది కదలదు. కింద ఒక ఆనకట్ట వచ్చి ఉంటే ఈ రేవులో ఈ పంటు ఉండేది కాదు.

వాదనంతా ఏ గట్టు పట్టుకోవాలన్నదే. దక్షిణపు గట్టు నిశ్శబ్దం, తోటల మధ్య నుంచి సాగుతుంది, కొండ మీద ఆగ్‌స్టైన్ కోట శిథిలాలు కనిపిస్తాయి. గురువుగారికి మోకాలు కాస్త పట్టేస్తుంటుంది కాబట్టి ఆ చదునే మేలు. ఉత్తరపు గట్టున విల్లెన్‌డోర్ఫ్ ఉంది. 1908లో రైలు మార్గం పనులు జరుగుతుండగా అక్కడ దొరికిన పదకొండు సెంటీమీటర్ల సున్నపురాతి స్త్రీమూర్తి వయసు సుమారు 30 వేల ఏళ్లు. అసలు బొమ్మ వియన్నాలో ఉంది. దొరికిన నేల మీద నిలబడాలని టీచరక్క పట్టు.

చివరికి విడిపోయి తొక్కాలని తేలింది. మెల్క్‌లో వంతెన దాటి టీచరక్క, తమ్ముడు ఉత్తరపు గట్టున విల్లెన్‌డోర్ఫ్ మీదుగా వస్తారు. గురువుగారు, నేను దక్షిణాన ఆర్న్స్‌డోర్ఫ్ దాకా పోయి పంటు ఎక్కుతాం. మధ్యాహ్నం భోజనం వేళకి స్పిట్జ్ రేవులో కలవాలి. అక్కడి నుంచి నలుగురం కలిసి, 1192లో ఇంగ్లండు రాజు రిచర్డ్‌ని బంధించిన డ్యూర్న్‌స్టైన్ మీదుగా సాగుతాం. కోతల రోజుల్లో డ్యూర్న్‌స్టైన్‌లో గదులు మా అందుబాటులో లేవు, అందుకని రాత్రికి క్రెమ్స్‌లో తీసుకున్నాం. పంక్చర్ సామాను ఒక జత తమ్ముడి దగ్గర, ఇంకో జత నా దగ్గర ఉంటుంది. గోంగూర డబ్బా మాత్రం టీచరక్క సంచిలోనే.